ర్యామ్ పద్యము: స్వోపజ్ఞ టీకా తాత్పర్య సహితము

మూలము

గాడి చూడవలయు గాటుతో పోల్చుచు
చిప్పులెన్ని యనుచు చిత్తగించి
పాత బోర్డు మాట పాటించి కొనుమయ్య
జీబి మాట పిదప, జేబు చూచి.

అవతారిక

పద్యం నాదే, టీకా నాదే. మూలం రాసినవాడే వ్యాఖ్యానం కూడా రాసుకుంటే దాన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అన్నారు పెద్దలు. కనుక దీన్ని అహంకారం కింద జమ కట్టరాదు. నా పద్యానికి ఇంకెవరు టీకా రాస్తారన్న వినయమే ఇందుకు కారణం.

పద్యం పుట్టిన సందర్భం చెబుతాను. 2009, 2010 ప్రాంతాల్లో అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఒకటి. లోపల ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు, దాని నెత్తిన కోర్ 2 డుయో ప్రాసెసర్, రెండే రెండు ర్యామ్ స్లాట్లు, వాటిలో ఒకదాంట్లో ఒక జీబీ స్టిక్కు, రెండోదాంట్లో దుమ్ము. ఇలాంటి యంత్రాలు డీటీపీ సెంటర్లలో, జిరాక్స్ షాపుల్లో, రిటైరైన మాస్టార్ల ఇళ్లలో ఇప్పటికీ రోజూ పనిచేస్తున్నాయి. సిస్టమ్ స్లో అయిందని యజమాని అంటాడు. ర్యామ్ వేయించమని చూడవచ్చినవాళ్లంతా అంటారు. వేయించడమంటే ఏమిటో చెప్పేవాడు మాత్రం దొరకడు. ఆ లోటు తీర్చడానికి ఈ ఆటవెలది.

ప్రతిపదార్థము

గాడి = మదర్‌బోర్డు మీద ర్యామ్ కూర్చుండెడి స్లాటును; గాటుతో = ర్యామ్ స్టిక్కు అడుగంచున గల నొక్కుతో; పోల్చుచు = సరిచూచుకొనుచు; చూడవలయు = మొట్టమొదట చూడవలెను; చిప్పులు = స్టిక్కు మీద అతికింపబడిన నల్లని మెమరీ చిప్పులు; ఎన్ని యనుచు = ఎన్ని యున్నవో యని; చిత్తగించి = వేలు పెట్టి లెక్కించి; పాత బోర్డు మాట = ముసలిదైన మదర్‌బోర్డు తన పుస్తకమందు చెప్పిన దానిని; పాటించి = అనుసరించి; అయ్య = ఓయీ; కొనుము = కొనుగోలు చేయుము; జీబి మాట = ఎన్ని జీబీలు అనెడి ప్రసంగము; పిదప = అటు తరువాతనే; జేబు చూచి = తన ఆర్థిక స్థితిని తడిమి చూచుకొని (చేయునది) అని అన్వయము.

తాత్పర్యము

పాత కంప్యూటరునకు ర్యామ్ కొనదలచినవాడు స్లాటునకును స్టిక్కునకును పొసగునో లేదో చూచి, స్టిక్కు మీది చిప్పులను లెక్కించి, బోర్డు ఎంతవరకు మోయగలదో తెలిసికొని, ఆ మీదట మాత్రమే ఎన్ని జీబీలు కావలెనని అడుగవలెను. లోకము దీనికి సరిగ్గా తలక్రిందులుగా నడచుచున్నదని కవి బాధ.

విశేషాంశములు

గాడి, గాటు. డీడీఆర్ మెమరీకి జెడెక్ అనే సంస్థ ప్రమాణాలు నిర్ణయిస్తుంది. మొదటి డీడీఆర్ ప్రమాణం 2000లో వచ్చింది. డీడీఆర్2 2003లో, డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2012లో, డీడీఆర్5 2020లో వెలువడ్డాయి. తరం మారినప్పుడల్లా గాటు చోటు మారింది. ఒక తరం స్టిక్కు ఇంకో తరం స్లాటులో దిగకుండా చేసిన కట్టడి ఇది.

ఇక్కడొక శంక. డీడీఆర్2కీ 240 పిన్నులే, డీడీఆర్3కీ 240 పిన్నులే. పొడవూ ఒకటే. అలాంటప్పుడు కాస్త గట్టిగా నొక్కితే పోలేదా? పోదు. పోకూడదు. డీడీఆర్2 నడిచేది 1.8 వోల్టులకు, డీడీఆర్3 నడిచేది 1.5 వోల్టులకు. గాటు మాత్రం పక్కకు జరిగి ఉంటుంది. స్టిక్కును స్లాటు పక్కన నిలబెట్టి చూస్తే తప్ప ఆ తేడా కంటికి ఆనదు. "పోల్చుచు" అనడంలో కవి ఉద్దేశం ఇదే. జ్ఞాపకం మీద ఆధారపడి "మనది డీడీఆర్ త్రీయే" అని దుకాణంలో చెప్పేయడం పోల్చడం కాదు. ఉన్న స్టిక్కును ఊడదీసి జేబులో పెట్టుకుని వెళ్లడం పోల్చడం.

పద్యంలో వోల్టుల ప్రస్తావన లేదేమని విమర్శకులు అడగవచ్చు. గాటు చెప్పాక వోల్టు చెప్పడం పునరుక్తి. మొదటి డీడీఆర్ 2.5, తర్వాతవి వరసగా 1.8, 1.5, 1.2, 1.1. గాటు కుదిరితే వోల్టూ కుదిరినట్టే. ఒక్క మినహాయింపు ఉంది. డీడీఆర్3ఎల్ అని ఒక ఉపశాఖ 1.35 వోల్టులతో నడుస్తుంది. దానికీ డీడీఆర్3కీ గాటు ఒక్కచోటే. అదృష్టవశాత్తూ అది 1.5 వోల్టులను కూడా సహిస్తుంది కనుక పాత బోర్డులో దానివల్ల భయం లేదు. ప్రమాదమంతా ఎదురు దిశలోనే: 1.35 మాత్రమే ఇచ్చే కొత్త రకం బోర్డుకి పాత 1.5 స్టిక్కు తగిలిస్తే చిక్కు. అది మన పద్యం పరిధి కాదు.

జీ41 బోర్డుల్లో కొన్నిటికి డీడీఆర్2 గాళ్లు రెండు, డీడీఆర్3 గాళ్లు రెండు పక్కపక్కనే ఉంటాయి. కాంబో బోర్డులంటారు. నాలుగు గాళ్లున్నాయని నాలుగూ నింపితే బోర్డు లేవదు. ఏదో ఒక జాతినే ఎంచుకోవాలి.

చిప్పులు. పద్యానికంతటికీ ఆయువుపట్టు ఈ పాదం. తక్కిన మూడు పాదాలు పోగొట్టుకున్నా ఇది మాత్రం పోగొట్టుకోవద్దు.

ముందు పాఠాంతరం సంగతి తేల్చుకుందాం. దుకాణాల్లో ఈ రెండో పాదం స్థానంలో

వేగమెంత యనుచు వెదకి వెదకి

అనే పాఠం ప్రచారంలో ఉన్నట్టు వారి ప్రవర్తన వల్ల తెలుస్తోంది. కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న "ఎంత బస్సు?" 1066 బస్సా, 1333 బస్సా, 1600 బస్సా అని. ఛందస్సు దృష్ట్యా ఈ పాఠంలో దోషం లేదు. అయిదు సూర్యగణాలూ ఉన్నాయి, వేకీ వెకీ యతి చెల్లింది. శాస్త్రమే చెల్లలేదు. ఇంటెల్ లెక్క ప్రకారం జీ41 చిప్‌సెట్ డీడీఆర్3ని నడిపేది 1066 వరకే. కొన్ని బోర్డుల వాళ్లు 1333 అని రాసుకున్నారు, అది బోర్డు కంపెనీ సాహసం. మీరు 1600 బస్సు తెచ్చి పెట్టినా అది కిందికి దిగి నడుస్తుంది, అలిగి మానేయదు. రెండు స్టిక్కులు రెండు వేగాలవైతే నిదానమైనదాని వేగమే ఇద్దరిదీ అవుతుంది, కాడికి కట్టిన ఎడ్లలో ముసలిదాని నడకే బండి నడక అయినట్టు. కనుక వేగం ఎక్కువైతే నష్టం లేదు, డబ్బు ఎక్కువ పెట్టామన్న నష్టం తప్ప. చిప్పుల లెక్క తప్పితే మాత్రం చాలాసార్లు కంప్యూటర్ లేవనే లేవదు. అందువల్ల "వేగమెంత" అన్న పాఠం త్యాజ్యం. "చిప్పులెన్ని" అన్నదే గ్రాహ్యం.

ఇప్పుడు స్టిక్కు మీద అంటించిన కాగితాన్ని దగ్గరగా చూద్దాం. వెలుతురులోకి పట్టుకోండి, కళ్లజోడు ఉంటే పెట్టుకోండి. దాని మీద ఇలాంటి సూత్రం ఒకటి ఉంటుంది:

4జీబీ 2ఆర్×8 పీసీ3-10600యూ-9-10-బీ0

పాణిని శిష్యులు కూడా ఇంత పొదుపు చేయలేదు. క్రియాపదం లేదు, విభక్తి లేదు, ప్రతి అక్షరానికీ అర్థం ఉంది. 4జీబీ అందరికీ తెలిసిందే. పీసీ3 అంటే డీడీఆర్3. 10600 అంటే సెకనుకి సుమారు అన్ని మెగాబైట్లు: 1333ని 8తో హెచ్చవేసి గుండ్రం చేసిన సంఖ్య. దుకాణదారు 1333 బస్సు అన్నదీ, కాగితం 10600 అన్నదీ ఒక్కటే. తొమ్మిది అనేది కాస్ లేటెన్సీ, అడిగిన మాటకు బదులివ్వడానికి పట్టే విరామం. ఆ వెనకున్న తోక కొనేవాడికి అక్కరలేదు.

ఇక మిగిలిన రెండు ముక్కలే అసలు మంత్రం. అవి "2ఆర్×8", "యూ".

ప్రాసెసర్ వైపు ఒక్కసారికి 64 బిట్లు వెళ్లాలి. ×8 అంటే ఒక్కో చిప్పు 8 బిట్లు అందిస్తుంది. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు కనుక ఎనిమిది చిప్పులు కలిస్తే ఒక జట్టు. ఆ జట్టుకే ర్యాంకు అని పేరు. 2ఆర్ అంటే అలాంటి జట్లు రెండు, వెరసి పదహారు చిప్పులు, సాధారణంగా పక్కకు ఎనిమిది చొప్పున. 1ఆర్×8 అంటే ఒక్క జట్టు, ఎనిమిదే చిప్పులు, ఒక్క పక్కనే. రెండిటి మీదా "4జీబీ" అనే ఉంటుంది. రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదాంట్లో ఒక్కో చిప్పు 2 గిగాబిట్లు, అంటే 256 మెగాబైట్లు. పదహారుతో హెచ్చిస్తే 4096. రెండోదాంట్లో ఒక్కో చిప్పు 4 గిగాబిట్లు, అంటే 512 మెగాబైట్లు. ఎనిమిదితో హెచ్చిస్తే అదే 4096.

మొత్తం ఒకటే అయినప్పుడు ఏది కొంటే ఏమని శంక. సమాధానం జీ41 పుట్టుకలో ఉంది. ఆ చిప్‌సెట్ వచ్చింది 2008లో. 2 గిగాబిట్ల చిప్పులో ఒక వరస చిరునామా చెప్పడానికి 15 గీతలు చాలు. 4 గిగాబిట్ల చిప్పుకు 16 కావాలి. జీ41కి ఆ పదహారో గీత లేదు. పిలవడానికి గీత లేనప్పుడు చిప్పులో సగభాగం ఉండీ లేనట్టే. కొన్ని బోర్డులు 4జీబీ స్టిక్కును సగంగా చూపిస్తాయి, చాలా బోర్డులు తెర నల్లగా పెట్టుకుని కూర్చుంటాయి. యజమాని ర్యామ్ పాడైందనుకుంటాడు. అదే స్టిక్కును దుకాణదారు తన దగ్గరున్న కొత్త బోర్డులో పెట్టి చూపిస్తే చక్కగా లేస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, ఇద్దరికీ పోట్లాట తప్పదు.

కాగితం చిరిగిపోయిన స్టిక్కు దొరికితే చిప్పు మీదే చదువుకోవచ్చు. శామ్‌సంగ్ చిప్పు మీద కే4బీ2జీ0846 అని ఉంటే అందులోని 2జీ అనేది 2 గిగాబిట్లు. కే4బీ4జీ0846 అని ఉంటే 4 గిగాబిట్లు. హైనిక్స్ వాళ్లది హెచ్5టీక్యూ2జీ అనీ హెచ్5టీక్యూ4జీ అనీ మొదలవుతుంది. ఆ అక్షరాలు బూడిదరంగులో, ఒక్క కోణంలో తప్ప కనబడనంత సన్నగా చెక్కి ఉంటాయి. ఫోన్ టార్చిని పక్కవాటుగా పట్టాలి, నిలువుగా పడితే మెరుపే తప్ప అక్షరం కనబడదు.

"ఎన్ని" అన్న ప్రశ్నకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. లెక్కపెడితే ఎనిమిదికి బదులు తొమ్మిది, పదహారుకి బదులు పద్దెనిమిది వచ్చాయనుకోండి. ఆ తొమ్మిదోది తప్పులు సరిదిద్దే ఈసీసీ చిప్పు. సర్వర్ల కోసం చేసిన సరుకన్నమాట. వాటిలో మధ్యన విడిగా ఇంకో చిప్పు కూడా ఉంటే అది రిజిస్టర్డ్ స్టిక్కు. సూత్రంలో యూ (మామూలు డెస్క్‌టాప్ స్టిక్కు గుర్తు) ఉండాల్సినచోట ఆర్ ఉంటుంది. కంపెనీలు పాత సర్వర్లు విప్పి అమ్మినప్పుడు ఇవి గంపలకొద్దీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వస్తాయి, చవగ్గా దొరుకుతాయి. గాటు కూడా సరిపోతుంది. మొదటి పాదం పాస్, రెండో పాదం ఫెయిల్. డెస్క్‌టాప్‌లో లేవవు. గాటు ఒక్కటే చాలనుకునేవాళ్లకు రెండో పాదం అవసరమేమిటో ఇక్కడ తెలుస్తుంది. "ఏఎమ్‌డీకి మాత్రమే" అని చీటీ అంటించి చవగ్గా అమ్మే 4జీబీ స్టిక్కులు కూడా ఈ కోవలోవే. వాటిలో ×8 బదులు ×4 చిప్పులుంటాయి, ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు వాటిని ఒప్పుకోవు.

పాత బోర్డు మాట. బోర్డు మాట్లాడదు కదా, మాటేమిటని పిల్లలు అడుగుతారు. బోర్డు మోడల్ పేరు స్లాట్ల మధ్యో ప్రాసెసర్ పక్కనో అచ్చేసి ఉంటుంది. క్యాబినెట్ విప్పడం ఇష్టం లేకపోతే సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఆ పేరు చెబుతుంది, ఉన్న స్టిక్కు తన వివరాలు దాచుకునే చిన్న ఎస్‌పీడీ చిప్పును కూడా చదివి వినిపిస్తుంది. లినక్స్ వాళ్లకు డీఎమ్ఐడీకోడ్ ఉంది. ఆ పేరుతో బోర్డు పుస్తకం వెదికితే గరిష్ఠంగా ఎన్ని జీబీ, ఒక్కో స్లాటుకి ఎంత అని రాసి ఉంటుంది. జీ41కి మొత్తం 8, స్లాటుకి 4. దానికి ముందుతరం జీ31కి మొత్తం 4, అదీ డీడీఆర్2.

ఇక్కడ ఒక సూక్ష్మం. జీ41 కాలంలో మెమరీని నడిపే కంట్రోలర్ బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎమ్‌డీ 2003లో అథ్లాన్ 64తోను, ఇంటెల్ 2008లో కోర్ ఐ7తోను దాన్ని ప్రాసెసర్ లోపలికి మార్చాయి. కనుక కోర్ ఐ3, ఐ5 ఉన్న కంప్యూటర్ల విషయంలో "బోర్డు మాట" అన్నచోట ప్రాసెసర్ మాట కూడా చేర్చుకుని చదువుకోవాలి. హెచ్61 బోర్డు ఒకటే అయినా, దానిలో రెండో తరం ఐ3 ఉంటే మెమరీ 1333 దగ్గర ఆగుతుంది, మూడో తరం ఐ5 ఉంటే 1600 దాకా వెళ్తుంది. హెచ్61కి 4 గిగాబిట్ల చిప్పులు కూడా పడతాయి. దాని యజమానులు రెండో పాదాన్ని కొంచెం తేలిగ్గా తీసుకోవచ్చు, సర్వర్ స్టిక్కుల విషయంలో తప్ప.

జీబి మాట పిదప. ఛందోవిషయం: జీకి జేతో యతి. ఇ, ఎ స్వరాలకు యతిమైత్రి ఉంది కనుక చెల్లుతుంది. "జీబీ" అని దీర్ఘం ఉండాల్సినచోట "జీబి" అని కుదించింది గణం కోసం. అంతకుమించి రహస్యం లేదు.

దీని మీద జీబీవాదులు లేవదీసే పూర్వపక్షం ఇది: అయ్యా, కంప్యూటర్ నెమ్మదించింది జ్ఞాపకం చాలక. ఎంత ఎక్కువ పోస్తే అంత మేలు. అలాంటప్పుడు జీబీ మాట ముందు కాక పిదప ఏమిటి?

సిద్ధాంతం చెబుతాను. మన తెలుగు డీటీపీ సెంటర్ సంగతే తీసుకోండి. అక్కడ ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ 7.0. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది. వాటి కోసమే 32-బిట్ విండోస్‌ను కదపకుండా అట్టేపెట్టుకుంటారు. 32 బిట్లతో చెప్పగల చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అదే 4జీబీ. అందులోనే గ్రాఫిక్స్‌కీ ఇతర పరికరాలకూ కొన్ని చిరునామాలు కేటాయించాలి. అవి పోగా విండోస్‌కి మిగిలేది మూడుంబావో మూడున్నరో. ఆ యజమాని ఎనిమిది జీబీ కొని పెడితే సగానికి పైగా ఇల్లు తాళం వేసి ఉంచినట్టే. ముందు 64-బిట్ విండోస్ ఉందా లేదా చూడాలి. అది ఉన్నా, విండోస్ 7 హోమ్ బేసిక్ అయితే 8 దాటదు.

నా అభిప్రాయం అడిగితే, కోర్ 2 డుయో బోర్డుకి రెండు 2జీబీ స్టిక్కులు మర్యాదగా సరిపోతాయి. బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచి ఉంచే అలవాటున్నవారు రెండు నాలుగులు వేసుకోవచ్చు. ఒక 4 కన్నా రెండు 2లు మేలు అనడానికి కారణం డ్యూయల్ ఛానల్. రెండు స్లాట్లలోనూ సమానంగా ఉంటే రెండు దారుల్లో ఒకేసారి రాకపోకలు సాగుతాయి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో ఒకే రంగు స్లాట్లలో జంటగా పెట్టమంటారు, అదీ ఇందుకే. అయితే ఒక్కో బోర్డు కంపెనీ రంగులు ఒక్కో పద్ధతిలో వేసింది. రంగును నమ్మేకన్నా పుస్తకంలోని బొమ్మను నమ్మడం మంచిది.

ఎస్ఎస్‌డీవాదులని ఇంకో శాఖ ఉంది. ర్యామ్ మాటే వద్దు, హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయండి చాలంటారు. వీరిది పూర్తిగా తోసిపుచ్చదగిన వాదం కాదు. జీ41 బోర్డుల సాటా వేగం పాతదే అయినా, తిరిగే డిస్కుతో పోలిస్తే తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కాని ఒక జీబీతో ఉన్న కంప్యూటర్‌కి ముందు ర్యామే. చోటు చాలక విండోస్ సామాన్లన్నీ డిస్కు మీదికి మోసి మళ్లీ దింపుతూ ఉంటే ఏ డిస్కు అయినా అలిసిపోతుంది. తేల్చుకోవడం సులువు. రోజూ చేసే పనులన్నీ తెరిచి టాస్క్ మేనేజర్‌లో మెమరీ అంకె చూడండి. అది నిండుకుండలా ఉంటే ర్యామ్. సగంలోనే ఉంటే ఎస్ఎస్‌డీవాదులు గెలిచారు.

జేబు చూచి. డీడీఆర్2 తయారీ దాదాపు ఆగిపోయి ఏళ్లయింది. అందువల్ల 4జీబీ డీడీఆర్2 స్టిక్కు అరుదు, అరుదైనదానికి ధర ఎక్కువ. కొత్త తరం మెమరీ కన్నా పాతదే జీబీకి ఎక్కువ పలికే విచిత్రం ఇక్కడ ఒక్కోసారి జరుగుతుంది. జీ31 యజమానులు రెండు రెండులతో తృప్తిపడాలని నా సలహా. ఎలాగూ బోర్డు 4 దాటనివ్వదు. డీడీఆర్3 విషయంలో, బ్రాండెడ్ ఆఫీస్ కంప్యూటర్ల నుంచి ఊడదీసిన శామ్‌సంగ్, హైనిక్స్, మైక్రాన్ స్టిక్కులు ఊరూ పేరూ లేని కొత్త స్టిక్కుల కన్నా నమ్మదగినవి. కొత్తదనే మోజులో చాలామంది వీటిని వదిలేస్తారు. మొత్తం కంప్యూటర్ ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుందో అంతకన్నా ర్యామ్ మీద ఎక్కువ పెట్టడం మాత్రం తెలివి కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లెక్కేముందే ఈ లెక్క వేసుకోవాలి. ఎక్కాక లెక్కలు మారిపోతాయి.

కొనుమయ్య. సంబోధనను వ్యాఖ్యాతలు చివరకు వదిలేస్తారు, నేనూ వదిలేశాను. ఈ "అయ్య" ఎవరు? కంప్యూటర్ యజమాని అని ఒక మతం. కాదు, ఆ ఇంటి అల్లుడు అని నా మతం. ఎందుకంటే తెలుగింట కంప్యూటర్ ఎవరిదైనా, దానికి ర్యామ్ నిర్ణయించే బాధ్యత అల్లుడిది. అతను సాఫ్ట్‌వేర్. హార్డ్‌వేర్ కూడా అందులోనే కలిసి ఉంటుందని మామగారి నమ్మకం. అతను డాలస్‌లో ఉంటాడు, మామగారు తెనాలిలో ఉంటారు, మధ్యన వీడియో కాల్ ఉంటుంది. ఉదాహరణకు ఒక సంభాషణ:

"బాబూ, కొట్లోనే ఉన్నాను. నాలుగు జీబీదే ఇచ్చాడు. తీసేసుకోనా?"

"ఒక్క నిమిషం మామయ్యగారూ. అది కెమెరాకి చూపించండి. ఊహూ, అటు కాదు, కాగితం ఉన్న వైపు."

"కనపడతందా?"

"కాస్త వెనక్కి. ఆ. వన్ ఆర్ అని ఉందండీ. వెనక తిప్పండి. వెనకాల చిప్పులున్నాయా?"

"వెనక నున్నగా ఉంది బాబూ."

"అయితే వద్దండీ. రెండు పక్కలా చిప్పులున్నది అడగండి."

"రెండూ నాలుగు జీబీయేగా అంటున్నాడు."

"అవునండీ, రెండూ నాలుగే. మన బోర్డుకి పదహారు చిప్పులది కావాలని చెప్పండి. పాతదైనా పర్లేదు."

మామగారు పదహారు చిప్పులది పట్టుకుని ఇంటికెళతారు. పవర్ వైరు ఊడదీస్తారు, పాత స్టిక్కు తీసేస్తారు, తెచ్చినదాని మీది బంగారు పిన్నుల్ని మనవడి పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు (ఇంకు రబ్బరుతో కాదు, అది గీకేస్తుంది), ఆ పొడి స్లాట్లో పడకుండా ఊదుతారు. గాటు చూసి కొత్తదాన్ని నిలబెట్టి రెండు బొటనవేళ్లతో రెండు చివరలా సమంగా నొక్కుతారు. రెండు క్లిప్పులూ వాటంతటవే పైకి లేచి టక్కుమంటాయి. ఒక్కటే టక్కుమంటే ఇంకా దిగలేదని అర్థం. స్విచ్ వేయగానే ఆగకుండా బీప్ బీప్ అంటూంటే మెమరీ సరిగా కూర్చోలేదని బోర్డు మొర. ఒక్క చిన్న బీప్ వేసి ఊరుకుంటే ఎక్కువ బోర్డుల్లో అంతా క్షేమం.

లేచినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. అల్లుడు మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని రాత్రంతా నడపమంటాడు. అది ప్రతి గదిలోనూ ఏదో ఒకటి రాసి, తిరిగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. తేడా వస్తే తెర మీద ఎర్ర గీత. ఒక్క ఎర్ర గీత చాలు, బిల్లు పట్టుకుని మర్నాడు దుకాణానికి వెళ్లడానికి.

"బాబూ, ఒక రౌండు అయిపోయింది. ఎర్రవేం రాలేదు. ఇంక ఆపేయనా?"

"ఇంకో రెండు రౌండ్లు కానివ్వండి మామయ్యగారూ. మీరు పడుకోండి, దాని పని అది చేసుకుంటుంది."

"అది సరే బాబూ, ఆ ఊడదీసిన ఒక జీబీ ముక్క ఉంది కదా. మీ అత్తగారి సిస్టమ్‌లో వేద్దామా?"

"అత్తయ్యగారిది ల్యాప్‌టాప్ అండీ. దాని గాడి వేరు."